సీసా మీద చుక్కలు

ఆయాకు బేడీలు వేయడం ఒక్కటే తక్కువ. వంటింటి గుమ్మం పక్కన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, అటొక కానిస్టేబుల్నీ ఇటొక కానిస్టేబుల్నీ నిలబెట్టి, ఇన్‌స్పెక్టర్ హాల్లో పచార్లు చేస్తున్నాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని ఇస్త్రీ అంటారు. చొక్కా మడత నలగకుండా కూర్చోవడం, కేసు నలగకుండా మూసేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్యలు.

డేగ లోపలికి వస్తూనే గుమ్మంలో ఉన్న ఖాళీ బకెట్టును తన్నింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది.

"చూసి రండి మేడమ్," అన్నాడు ఇస్త్రీ. "అంత బకెట్టు కనపడలేదా?"

"ఇల్లు మీరు సర్దించారనుకున్నాను," అంది డేగ. కాలి వేలు భగ్గుమంటున్నా మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

డేగ ఆవిడ పేరు కాదు, పరిశోధన విభాగంలో పాతికేళ్ల సర్వీసు సంపాదించిపెట్టిన బిరుదు. నిండు సంతలో జేబుదొంగ వేలు కదలడం ఎదుటి మేడ మీంచి పట్టుకుందని పాత కమిషనర్ ముచ్చటపడి పెట్టిన పేరు. ఇప్పుడు ఆ పేరు ఎవరైనా పిలిస్తే పుండు మీద కారం చల్లినట్టుంటుంది ఆవిడకు. డేగకు కళ్లు పోతున్నాయి. చూపు అన్ని వైపుల నుంచీ మూసుకుంటూ వచ్చి, మధ్యలో చొక్కా గుండీ అంత మిగిలింది. అది కూడా పట్టపగలు, మంచి వెలుతురులో. ఈ సంగతి తెలిసినవాళ్లు లోకం మొత్తం మీద ముగ్గురు: కంటి డాక్టరు, ఈ ఇంటి టీచరమ్మ, టీచరమ్మ చెల్లెలు. ముగ్గురిలో టీచరమ్మ నిన్న పొద్దున మంచం మీద చనిపోయి కనిపించింది.

చెల్లెలు సోఫాలో కూర్చుని ఉంది. డేగ ఆ వైపు తిరగగానే లేచి నిలబడి, "మీరెవరో గానీ, మా అక్కకి న్యాయం చేయండమ్మా," అంది.

ఆదివారం ఆదివారం ఈ సోఫాలోనే డేగ పక్కన కూర్చుని, ఆవిడ వేలు పట్టుకుని బ్రెయిలీ చుక్కల మీద నడిపించిన మనిషి. ఎరగనట్టు మాట్లాడి తన పరువు కాపాడుతోంది. డేగ ఆమెను చిన్నక్క అని పిలిచేది. చిన్నక్క మంచి మనిషి అనుకుంది, ఆ క్షణానికి.

"ఆయాతో మాట్లాడాలి," అంది పైకి.

"నేను మాట్లాడేశాను." ఇస్త్రీ ఫైలు తెరిచాడు. "రిపోర్టు వచ్చింది. పెద్దావిడ రక్తంలో గుండె మందు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. ఒక్క రోజుది కాదు, నాలుగైదు రోజుల నుంచి ఎక్కువెక్కువ పడింది. ఆవిడకా కళ్లు లేవు. చేతిలో ఏది పెడితే అది మింగుతుంది. పెట్టేది ఎవరు? ఈవిడ. పోయిన వారం కూజా పగలగొట్టిందని పెద్దావిడ నాలుగు చీవాట్లు పెట్టింది. ఈవిడ మానేస్తానని అరిచింది. పక్కింటివాళ్లు విన్నారు. ఇంకేం కావాలి?"

"ఆవిడ నోటితో వినాలి."

ఆయా మాట్లాడటానికి ముందు ముక్కు చీదుకుంది. "మాత్రలు నేను పెట్టలేదమ్మా. మొదట్లో నేనే ఇచ్చేదాన్ని, ఒప్పుకుంటాను. ఆ చుక్కలు వచ్చాక అమ్మగారు నన్ను సీసాల దగ్గరికి రానిస్తేనా? తడుముకోవడం, చదువుకోవడం, వేసుకోవడం. నీళ్లు ఇవ్వడమే నా పని."

"పోయే ముందు నాలుగు రోజులూ ఎలా ఉన్నారు?"

"కడుపులో తిప్పుతోందనేవారు. తిండి సయించలేదు. వాంతులు. దానికి అరుగుదల మాత్రలు ఇంకో రెండు, ఇంకో రెండు అంటూ నములుతూనే ఉన్నారు. అవి మంచివే కదా అని నేనూ ఊరుకున్నాను. డాక్టరు దగ్గరికి పోదామంటే చిన్నమ్మగారు వయసు కదా, తగ్గిపోతుందిలే అన్నారు."

"చూశారా?" అన్నాడు ఇస్త్రీ. "ఎంత తేలిగ్గా చిన్నమ్మగారి మీదకి తోసేస్తోందో."

డేగ మనసులో లెక్క వేసింది. గుండె మందు ఎక్కువైతే మొదట పాడయ్యేది కడుపే. కడుపు పాడైందని మనిషి అరుగుదల మాత్ర వేసుకుంటుంది. ఆ అరుగుదల మాత్రే గుండె మాత్ర అయితే, వేసుకున్నకొద్దీ తిప్పుతుంది, తిప్పినకొద్దీ వేసుకుంటుంది. టీచరమ్మ నాలుగు రోజులు తన చావును తనే నమిలి మింగింది.

"సీసాలు ఎక్కడ?"

"ఆవిడ గదిలోనే. వేలిముద్రలు తీసేశాం, ఇంట్లో అందరివీ ఉన్నాయి. ఫొటోలూ అయిపోయాయి. సీలు వేయడమే తరువాయి."

టీచరమ్మ గది తూర్పు వైపు. కిటికీ తెరిచి ఉంది కాబట్టి డేగకు మంచం అంచు, బల్ల, బల్ల మీద రెండు సీసాలు, ఓ చెంచా ముక్కలు ముక్కలుగా చూపుకు దొరికాయి. చుక్కలు పొడిచే గళ్ల పలక, మొద్దు సూది, మందపాటి కాగితాల కట్ట ఎప్పటి చోటే ఉన్నాయి. ఆ పక్కనే మడత పెట్టిన తువ్వాలు. దాన్ని చూసేసరికి ఆవిడకు దుఃఖం పొంగుకొచ్చింది. పాఠం చెప్పేటప్పుడు టీచరమ్మ ఆ తువ్వాలు తీసి డేగ చేతుల మీద కప్పేసేది. "మిగిలిన కాస్త చూపుతో దొంగతనంగా చదువుతావు నువ్వు. పోలీసు బుద్ధి. కళ్లు మూయి, వేలుకి పని చెప్పు," అనేది.

డేగకు ఇది రెండోసారి చదువు. చిన్నప్పుడు చూపులేని అన్నయ్యతో పోటీపడి నేర్చుకుంది. అన్నయ్య పోయాక చుక్కలూ పోయాయి. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెడితే బుర్రకు గుర్తున్నది వేలుకు గుర్తు లేదు. ఒక్కో అక్షరాన్ని పైకీ కిందకీ రుద్ది రుద్ది చదివేది. టీచరమ్మదీ అదే కథ. ఉద్యోగంలో ఉండగా తన తరగతిలోని ఓ అంధబాలుడి కోసం నేర్చుకుని, వాడు బడి దాటాక మరిచిపోయి, తన చూపు పోయిన ఎన్నాళ్లకో మళ్లీ అందుకుంది. "కొత్తగా నేర్చుకునేవాళ్లం కాగితాన్ని గోకుతాం. మన చేతిలో ఏ చుక్కా నెల రోజులు బతకదు," అని నవ్వేది.

"ఇదిగో." ఇస్త్రీ వెనకే వచ్చి నిలబడ్డాడు. "ఇది గుండెది, ఇది అరుగుదలది. అచ్చులో పేర్లున్నాయి. దేని మాత్రలు దాంట్లోనే ఉన్నాయి. లాబువాళ్లు చూశారు. మీరూ చూడండి."

డేగ గుండె మాత్రల సీసా చేతిలోకి తీసుకుంది. అతనికి వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి, అచ్చు చూస్తున్నట్టు ఎత్తి పట్టుకుని, చూపుడు వేలు కింద పోనిచ్చింది. ప్లాస్టిక్ చీటీ తగిలింది. అ. తర్వాతి అక్షరం దగ్గర వేలు ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. ర. ఉకారం.

అరు. గుండె మాత్రల సీసా మీద.

రెండోది తీసుకుంది. గుం.

పోయిన ఆదివారమే టీచరమ్మ ఈ రెండు సీసాలూ తన చేతికిచ్చి చదివించింది. అప్పుడు దేనిది దానికే ఉంది. అప్పుడు చీటీలు సీసా వెనక, అడుగు నుంచి మూత వైపుకు పొడుగునా అంటించి ఉండేవి. సీసాను ఎడమ చేతిలో పడుకోబెట్టి కుడి వేలు తిన్నగా పోనిస్తే చాలు. గుండ్రటి సీసాకు చుట్టూ అంటిస్తే వేలు వంకర తిరిగిపోతుంది. ఇప్పుడు చీటీలు ముందువైపు, అచ్చు పేరు కిందే, దానికి సమంగా చుట్టూ అంటించి ఉన్నాయి. వెనక తడిమితే పాత జిగురు గీత పొడుగునా ఇంకా గరగరలాడుతోంది. పాత చీటీ చుక్కలు టీచరమ్మ గోకుడికి అరిగి మెత్తబడి ఉండేవి. ఇవి గుచ్చుకునేంత కొత్తగా ఉన్నాయి.

చేసినవాళ్లు పాత చీటీలు తారుమారు చేయలేదు. కొత్తవి పొడిచారు. చుక్కలు బాగా వచ్చిన మనిషి, కానీ వాటిని ఎప్పుడూ వేలితో చదవని మనిషి. కంటితో చూసి చదివేవాళ్లకే పేరు కింద పేరు తిన్నగా ఉండాలనిపిస్తుంది.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు ఇస్త్రీ.

"ఆయాకి ఈ చుక్కలు రావు."

"రావు. అయితే?"

"మాత్రలు చేతిలో పెట్టి చంపలేదు. సీసాతో చంపారు."

"మేడమ్, సీసా సరిగ్గానే ఉందని ఇప్పుడే చెప్పాను. మీకు కావలసినట్టు కథ అల్లడానికి నేను సాయంత్రం దాకా ఇక్కడ పడిగాపులు పడలేను. చెప్పేదేదో సూటిగా చెప్పండి. ఏం చూసి అంటున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆవిడ నాలుక చివర ఉంది. చెప్తే చుక్కలు నీకెలా వచ్చంటాడు. ఎందుకు నేర్చుకున్నావంటాడు. ఈ ఇంటికి ఆదివారాలు వచ్చేదానివా అంటాడు. బకెట్టు సంగతి ఎలాగూ మరిచిపోడు.

"చెల్లెలిగారిని పంపండి. ఐదు నిమిషాలు. ఒక్కరినే."

"ఐదంటే ఐదే," అని విసురుగా వెళ్లిపోయాడు ఇస్త్రీ. వెళ్తూ, "డేగ అంటారు గానీ ఈ మధ్య వట్టి కోడిపెట్ట నడక అయింది," అని గొణుక్కోవడం ఆవిడకు స్పష్టంగా వినిపించింది. చెవులు మాత్రం దివ్యంగా పనిచేస్తున్నాయి.

చిన్నక్క లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సీసా చదివావు," అంది. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. "తలుపు సందులోంచి చూశాను. రెండో అక్షరం దగ్గర ఆగావు. ర దగ్గర నువ్వెప్పుడూ ఆగుతావు."

అంతవరకూ డేగకు ఎక్కడో ఓ మూల, ఇది చిన్నక్క పని కాకూడదని ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

"ఎందుకు, చిన్నక్కా?"

చిన్నక్క గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "పదమూడేళ్లు దాని కళ్లు నేనే. పేపరు చదివాను, అన్నం కలిపిచ్చాను, వీధి దాటించాను. పెళ్లి మాట వస్తే అక్కని ఎవరు చూస్తారని నేనే వద్దన్నాను. చుక్కలు మళ్లీ నేర్చుకుంటానంటే పక్కన కూర్చుని దిద్దాను. తప్పు పోయిన ప్రతిచోటా వేలు పట్టుకుని వెనక్కి తెచ్చాను. దానికి అన్నీ వచ్చేశాక పిలిచి ఏమందో తెలుసా? ఇంక నాకు నీ అవసరం లేదే, ఈ ఇంట్లో బడి పెడతాను, నువ్వు వెళ్లి నీ బతుకు నువ్వు బతుకు, అంది. మంచికే అన్నట్టు నవ్వుతూ అంది. ఎక్కడికి వెళ్లను? నాకు బతుకేదీ?"

"ఆయా ఏం చేసింది నిన్ను?"

"ఏమీ చేయలేదు. పోలీసులు దాన్ని పట్టుకుంటారని నేననుకోలేదు. ముసలావిడ తడుముకుని పొరపాటున వేసుకుందంటారనుకున్నాను." చిన్నక్క ముందుకు వంగింది. "నువ్వు వెళ్లి చెప్పుకో. నేను అడ్డం పడను. కానీ ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. కళ్లు లేని పోలీసు మాట ఎవరు వింటారు? ఇవాళ సాయంత్రానికి ఉద్యోగం ఉండదు. ఇంట్లో మీ ఆయనకి కూడా చెప్పుకోలేదన్నావు. రేపటి నుంచి నిన్ను ఎవరు నడిపిస్తారో ఆలోచించుకో. నడిపించేవాళ్ల పని ఎలా ఉంటుందో నాకు తెలుసు."

డేగ లేచింది. చిన్నక్క మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. తలుపు తీస్తూ భుజాన్ని చెక్కకు కొట్టుకుని హాల్లోకి వచ్చింది.

ఆయా స్టూలు మీంచి లేచి గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటోంది. ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. "బాబూ, ఇంటికెళ్లి ఇంకో జత బట్టలు తెచ్చుకోనిస్తారా?" అని కానిస్టేబుల్ని అడుగుతోంది. "మా అమ్మాయికి కూడా చెప్పాలి. కాన్పుకొచ్చి ఉంది ఇంట్లో."

"దారిలో చూద్దాం, నడు."

మామూలుగా అయితే డేగ మూడు రోజులు కూర్చుని ఆలోచించినా తేల్చుకోలేకపోయేది. కానీ ఆయా ఒంటి చెప్పుతో గడప దాటుతుంటే ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"ఆగండి," అంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, నాకు కళ్లు కనపడవు."

ఇస్త్రీ తెల్లమొహం వేశాడు. ఆ మొహం ఆవిడకు కనపడలేదు గానీ, అతను మామూలుగా వెంటనే ఇచ్చే జవాబు రాకపోవడంతో తెలిసింది. ఆగితే మళ్లీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పింది: చూపు సంగతి, ఆదివారాలు, చీటీలు, పొడుగునా ఉన్న జిగురు, గుండె సీసా మీద ఉన్న మాట, తలుపు వెనక విన్న మాటలు.

"సీసా ఏది?" అన్నాడు ఇస్త్రీ, చివరికి.

డేగ చేతులు చూసుకుంది. ఖాళీ. గదిలో బల్ల మీద వదిలేసింది. పాతికేళ్లలో సాక్ష్యాన్ని ముద్దాయి ముందు వదిలేసి లేచి రావడం ఇదే మొదలు.

ఇద్దరూ దాదాపు పరుగున వెళ్లారు. చిన్నక్క కుర్చీలో అలాగే ఉంది, ఒళ్లో చేతులు పెట్టుకుని. డేగ సీసా అందుకుంది. చీటీ ఉంది. వేలు పోనిచ్చింది. నున్నగా ఉంది. మళ్లీ పోనిచ్చింది. రెండో సీసా తీసుకుంది. అదీ అంతే. బల్ల మీది చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దితే చాలు, ప్లాస్టిక్ మీద చుక్కలు అణిగిపోతాయి.

"లేవు," అంది డేగ. "అణిచేసింది."

"అవి ఎప్పుడూ ఇలాగే ఉన్నాయండీ," అంది చిన్నక్క ఇస్త్రీతో. "అరిగిపోయాయి. మేడమ్ గారికి పాపం చూపు సరిగా లేదుట కదా."

రెండు విధాలా చెడింది. ఉద్యోగమూ పోయింది, ఆయా కూడా దక్కలేదు. డేగకు ఏడవాలనిపించింది. ఏడ్చినా సిగ్గుపడేది కాదు, కానీ పక్కన జేబులోంచి ఏదో తీస్తున్న చప్పుడైంది.

"నేను పొద్దున్నే ఫొటోలు తీశాను," అన్నాడు ఇస్త్రీ. ఫోను మీద వేళ్లతో బొమ్మ పెద్దది చేస్తున్నాడు. "అచ్చు పేరు కోసం తీశాను. దాని కిందే... ఉన్నాయి. చుక్కలు. ఎండ పక్క నుంచి పడింది, నీడలు కూడా తెలుస్తున్నాయి." తల ఎత్తాడు. "కానీ ఇవి ఏమంటున్నాయో నాకేం తెలుసు?"

చీటీ వెనక ఉండి ఉంటే ఆ ఫొటోలో పడేది కాదు.

"మీరు చూసి చెప్పండి," అంది డేగ. "నేను చదువుతాను. ఒక్కో అక్షరం ఒక చిన్న పెట్టె అనుకోండి. ఎడమ పక్క మూడు చోట్లు, కుడి పక్క మూడు. ఎక్కడెక్కడ చుక్కుందో అదే చెప్పండి. నాకు బొమ్మ చూపించకండి."

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మొదటిది. ఎడమ పక్క పైన. ఒక్కటే."

"అ."

"రెండోది. ఎడమ పక్క మూడూ ఉన్నాయి. కుడి పక్క నడిమిది."

"ర." ఈసారి ఆవిడ ఆగలేదు.

"మూడోది. ఎడమ పక్క పైనా కిందా. కుడి పక్క కింద."

"ఉకారం. అంతేనా?"

"అంతే."

"అరు. అరుగుదల. టీచరమ్మ మొదటి ఒకటి రెండు అక్షరాలే పొడిచేది. ఇప్పుడు ఆ ఫొటోలో పైన అచ్చులో ఏముందో మీరు చదవండి."

ఇస్త్రీ చదవలేదు. గుండె మందు పేరు అతనికి పొద్దుట్నుంచీ కంఠతా వచ్చు. "నా ఫొటోలో చుక్కలున్నాయి," అన్నాడు నెమ్మదిగా, చిన్నక్క వైపు తిరిగి. "ఇప్పుడు సీసా మీద లేవు. ఈ నడుమ గదిలో మీరు తప్ప ఎవరూ లేరమ్మా. నేను దీన్ని ఏ అంధుల బడికి తీసుకెళ్లినా వాళ్లు కూడా ఇదే చదువుతారు కదా?"

"ర దగ్గర ఆగలేదు," అంది చిన్నక్క, డేగతో. "నీకు కూడా వచ్చేసింది." ఆ మాటలో మెచ్చుకోలు కూడా ఉంది, అందుకే డేగ భరించలేకపోయింది.

కానిస్టేబుళ్లు చిన్నక్కను తీసుకెళ్లారు. ఆయా రెండో చెప్పు సోఫా కింద దొరికింది. ఆమె ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక గోడకూ తలుపుకూ కూడా పెట్టేసి, ఏడుస్తూ వెళ్లిపోయింది.

ఇస్త్రీ టీచరమ్మ మంచం అంచున కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది, చొక్కా నలుగుతుందని చూసుకోలేదు.

"మీరు చెప్పకపోయి ఉంటే నేను ఆ ఫొటో మొహం మళ్లీ చూసేవాణ్ణి కాదు," అన్నాడు. "ఆయా జైల్లో ఉండేది. అది నేను రిపోర్టులో రాస్తాను. కానీ ఇప్పుడు మీరు ఈ కేసులో అధికారి కాదు మేడమ్, సాక్షి. మీ స్టేట్‌మెంట్ రాసుకోవాలి."

"రాసుకోండి."

కాగితాలు సర్దిన చప్పుడు. పెన్ను మూత తీసిన చప్పుడు.

"ఏడాది అన్నారు, చూపు తగ్గి."

"ఏడాది పైనే."

"అయితే ఒకటి అడగాలి. అడక్కుండా వదిలేయాలని ఉంది, కానీ కుదరదు." ఇస్త్రీ గొంతులో పొద్దుటి వెటకారం ఆనవాలు కూడా లేదు. "పోయిన చలికాలం గోడౌన్ వాచ్‌మన్ హత్య. పది మందిని వరసలో నిలబెడితే మీరు నేరుగా వెళ్లి ఒకడి ముందు ఆగారు. పారిపోతుంటే వీణ్ణే చూశానన్నారు. ఆ ఒక్క మాట మీద వాడికి యావజ్జీవం పడింది. వాడు నేను కాదు, నేను కాదని ఇప్పటికీ అర్జీలు పెడుతున్నాడు." మంచం కిర్రుమంది, అతను ముందుకు వంగాడు. "వాణ్ణి చూశారా మేడమ్?"

డేగ కిటికీ వైపు తిరిగింది. అక్కడ వెలుతురు ఉందని మాత్రం తెలుస్తోంది.

"దగ్గు విన్నాను," అంది. "గోడౌన్‌లో విన్న దగ్గే అనిపించింది. రాసుకోండి."